కలుపు మొక్కల ప్రజానామాలు – విస్తరణ సేవలో వాటి ప్రాధాన్యం

ఒక మొక్కకు శాస్త్రీయనామం ఒక్కటే ఉంటుంది. ప్రజల వాడుకలో మాత్రం దాని పేరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఈ పేర్లలో నేల స్వభావం, మొక్క వచ్చిన దారి, దాని ఉపయోగం, పండుగలతో దానికున్న అనుబంధం నిక్షిప్తమై ఉంటాయి. కలుపు యాజమాన్యంపై సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త ఈ పేర్లను జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది.

చింతలపూడి, మర్రిగూడ, తుమ్మలపల్లి వంటి ఊరి పేర్లు ఆయా ప్రాంతాల వారు చెట్టును ఆనవాలుగా చేసుకొని ఊరిని గుర్తించిన తీరును తెలుపుతాయి. పొలం విషయంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. జమ్ము పెరిగిన చోట నీరు నిలుస్తుందనీ, తంగేడు విస్తారంగా ఉన్నది మెట్ట భూమి అనీ రైతు చూడగానే గ్రహిస్తాడు.

బయటి నుండి వచ్చిన మొక్కల పేర్లలో వాటి రాక కూడా నమోదైంది. సీమచింతలోని ‘సీమ’ పరదేశాన్ని సూచిస్తుంది. ప్రభుత్వం నాటించిన ప్రోసోపిస్ జూలిఫ్లోరాను ప్రజలు సర్కారు తుమ్మ అన్నారు. 1950వ దశకంలో పుణె ప్రాంతంలో గుర్తించిన పార్థీనియం తెలుగునాట వయ్యారిభామగా, కాంగ్రెస్ గడ్డిగా ప్రసిద్ధి చెందింది. ‘గడ్డి’ అని పిలిచినా ఇది చామంతి కుటుంబానికి చెందిన వెడల్పాకు మొక్క.

ఇటువంటి పేర్లను యథాతథంగా తీసుకుంటే సిఫారసు దారి తప్పుతుంది. రైతులు తుంగను కూడా గడ్డి అనే అంటారు. దాని కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. నేలలో దుంపలు ఉంటాయి. ఫెనాక్సాప్రాప్ వంటి గడ్డిజాతి కలుపు నివారణ మందు తుంగపై పనిచేయదు. ‘గడ్డి ఎక్కువగా ఉంది’ అన్న మాట మీదనే మందు సూచిస్తే రైతుకు ఖర్చు మిగులుతుంది, తుంగ అలాగే ఉంటుంది. అలాగే ఊద అనే పేరు వరిలోని కలుపుకూ, ఊదలు అనే పేరు చిరుధాన్యానికీ ఉన్నాయి. రెండూ ఎకినోక్లోవా ప్రజాతికి చెందినవే.

తెలంగాణలో గునుగు ఇందుకు మరింత విశిష్టమైన ఉదాహరణ. తోటకూర కుటుంబానికి చెందిన ఈ మొక్క శాస్త్రీయనామం సెలోసియా అర్జెంటియా. ఖరీఫ్ మెట్ట పైర్లలో ఇది కలుపు. బతుకమ్మ రోజుల్లో అదే గునుగు తంగేడు, బంతి పూలతో కలిసి వరుసలుగా పేర్చబడుతుంది. అందువల్ల ‘గునుగును నిర్మూలించండి’ అన్న సూచన ఊరి స్త్రీలకు కేవలం కలుపు సలహాగా వినిపించదు. పైగా కలుపు తీసే పనిలో అధిక భాగం వారిదే.

ఈ రెండు అవసరాలకూ పొంతన కుదుర్చవచ్చు. విత్తిన తొలి 30–45 రోజులు చాలా మెట్ట పైర్లకు కీలకమైనవి కనుక ఆ దశలో చేనులోని గునుగును తప్పక తీసివేయాలి. గట్ల మీద, బీళ్ళలో ఉన్నదాన్ని పూల కోసం ఉంచవచ్చు. అయితే దాని వెన్నులో గింజ కింది నుండి పైకి పక్వమవుతుంది. కొసన పూత ఉండగానే అడుగున గింజ ముదురుతుంది. కనుక పూలు కోసిన తరువాత మిగిలిన మొక్కలను గింజ రాలకముందే పీకివేయాలని సూచించాలి.

పేర్లు ఎక్కువగా తెలిసినది పొలంలో వంగి కలుపు తీసినవారికే. చేతితో కలుపు తీయడం తగ్గిన కొద్దీ ఆ పేర్లు తరువాతి తరానికి అందే అవకాశం కూడా తగ్గుతుంది. విద్యార్థులు కలుపు నమూనాలను సేకరించేటప్పుడు శాస్త్రీయనామంతో పాటు ఊరిలో పిలిచే పేరు, ఆ పేరుకు చెప్పే కారణం, నేల రకం, కూరగానో పూజకో ఉన్న వాడుక కూడా నమోదు చేయాలి. మొక్కను చేతిలో పట్టుకొని ‘దీన్ని మీరు ఏమంటారు?’ అని అడిగిన తరువాతనే సిఫారసు చేయడం శ్రేయస్కరం.