డిష్షులో పట్టిన పాఠం డిస్కు మీదికి



తెల్లవారి టీవీలో వ్యవసాయ కార్యక్రమం వచ్చే వేళకు మీరెక్కడ వుంటారో నాకు తెలుసు. ఆనందపురం, పద్మనాభం వైపు పూలూ కూరగాయలూ వేసేవారు సరుకుతో విశాఖ దారి పట్టి వుంటారు. గాజువాక ప్రాంతంలో ఉక్కు కర్మాగారం డ్యూటీ చేస్తూనే అరెకరమో ఎకరమో చూసుకునేవారు షిఫ్టులో వుంటారు. పాడి వున్న ఇంట్లో పాలు పిండే వేళా అదే. టీవీ వేళ గేదెకు తెలియదు గదా!

అందుకే చాలామంది సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవు తగిలించి కార్యక్రమాన్ని రికార్డు చేసి, రాత్రి తీరికగా చూస్తున్నారు. మంచి పని. అయితే పది కార్యక్రమాలు పట్టేసరికి పెన్‌డ్రైవు నిండుతుంది. పిల్లలు సినిమా కోసం పాతవి చెరిపేస్తారు. బాక్సు చెడిపోతే కొన్ని రకాల రికార్డింగులు దానితోపాటే పోతాయి. మరో యంత్రం మీద ఆడినప్పుడే ఆ పాఠం మీ చేతికి వచ్చినట్టు లెక్క.

ముందుగా మీ ఇంటి బాక్సు ఏ రకమో తెలుసుకోవలెను. దూరదర్శన్ సప్తగిరి వంటి ఉచిత ప్రసారాలకు సాధారణంగా తాళం వుండదు. ఉచిత డిష్షు బాక్సులో పట్టిన ఫైలును కంప్యూటరులో పెడితే వీఎల్‌సీ వంటి ప్లేయరులో చక్కగా ఆడుతుంది. నెలనెలా డబ్బు కట్టే కంపెనీల బాక్సుల సంగతి వేరు. అవి రికార్డింగుకు తాళం వేసి దాస్తాయి. పట్టిన బాక్సులో తప్ప మరెక్కడా ఆడవు. ఆ తాళం విప్పి పెడతామనేవారి మాట వినకండి. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఎ సెక్షను ప్రకారం, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో అలా తాళం తీయడం నేరం.

మరి ఉచిత ప్రసారాన్ని పట్టుకోవచ్చునా అని మీకు అనుమానం రావచ్చు. పట్టుకోవచ్చును. 1957 నాటి అదే చట్టంలో 39వ సెక్షను, పట్టినవారి సొంత వాడకానికీ, నిజమైన బోధన కోసమూ చేసుకునే రికార్డింగును తప్పు పట్టదు. ఊళ్లో పదిమంది రైతులను కూర్చోబెట్టి పాఠం చెప్పే విస్తరణ కార్యకర్తకు ఇది గుర్తుండవలెను. కాపీలు తీసి సంతలో అమ్మితే మాత్రం ఆ రక్షణ మీకు దొరకదు.

ఇక పని చేసే తీరు. ఉక్కునగరంలో వుండే మేనల్లుడో, కాలేజీకి వెళ్లే అమ్మాయో పక్కన వుంటే ఒక సాయంత్రం పని ఇది. ఫైలును ముందు కంప్యూటరు లోపలికి కాపీ చేయండి. పెన్‌డ్రైవు నుంచే నేరుగా డిస్కు రాయబోతే మధ్యలో తెగవచ్చు. రికార్డింగు రెండు మూడు ముక్కలుగా కనబడితే కంగారు పడకండి. పెన్‌డ్రైవును చాలా బాక్సులు ఫ్యాట్-32 అనే పద్ధతిలో వాడతాయి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటరాదు గనుక పొడుగు రికార్డింగును బాక్సే ముక్కలు చేస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే అర వుండడం లేదు. యూఎస్‌బీ తీగతో తగిలించే రైటరు విడిగా తెచ్చుకోవలసి వుంటుంది.

డిస్కు రాయడంలో రెండు పద్ధతులున్నాయి. ఫైలును ఉన్నదున్నట్టు డిస్కు మీద వేయడం ఒకటి. అది కంప్యూటరులో ఆడుతుంది. పాత డీవీడీ ప్లేయరు దాన్ని గుర్తించకపోవచ్చు. రెండోది, డీవీడీ వీడియోగా మార్చి రాయడం. డీవీడీ స్టైలర్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. మన దేశపు లెక్క పాల్ పద్ధతి. అది ఎంచుకోవడం మరువకండి. మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. మంచి నాణ్యతతో రెండు గంటలు, అంటే అరగంట కార్యక్రమాలు నాలుగు. ఆరు ఇరికిద్దామని చూస్తే ఆకు మీది మచ్చ ఏదో, పురుగు ఏదో తెలియకుండా బొమ్మ అలుక్కుపోతుంది. పాట అయితే సరిపెట్టుకోవచ్చు. తెగులు గుర్తుపట్టే పాఠంలో బొమ్మే ప్రాణం.

వేగం తొందర పెట్టక 4 లేదా 8 రెట్ల వేగంతో రాయండి. చివర ఫైనలైజు చేయనిదే ఇతర ప్లేయర్లు చదవకపోవచ్చు. రాయడం పూర్తయ్యాక వేరే ప్లేయరులో మొదలూ, మధ్యా, చివరా చూసి, అప్పుడే పెన్‌డ్రైవులోది చెరపండి. వానాకాలం రికార్డింగులైతే మరీ శ్రద్ధగా చూడండి. దట్టమైన మేఘం డిష్షుకు అడ్డం వచ్చినప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయి, సరిగ్గా మందు మోతాదు చెప్పే చోటే మాట మింగుడుపడి వుంటుంది.

మన సముద్రపు గాలి ఇనుమునే తినేస్తుంది. రైటరు తీగ కొనలనూ వదలదు. వాడనప్పుడు మూత వున్న డబ్బాలో వుంచండి. డిస్కుకు ఎండా వేడీ శత్రువులు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టవద్దు. ముఖ్యమైన పాఠానికి రెండు కాపీలు తీసి, రెండోది వేరే ఇంట్లో దాచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్ని పైకప్పులు లేచిపోయాయో మీకు చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. ప్రసారం గాలిలో కలిసిపోతుంది, డిస్కు నిలిచిపోతుంది. నిలిచినదంతా ఇప్పటికీ సరైనదని అర్థం కాదు. 2010లో పట్టిన కార్యక్రమంలో ఎండోసల్ఫాన్ కొట్టమని చెప్పి వుండవచ్చు. 2011 మేలో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. ఫోరేటు, ట్రైయజోఫాస్ అమ్మకాలు 2020 డిసెంబరు 31తో ఆగవలసినవి. డిస్కు మీద తారీకు లేకపోతే చూసేవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? తెరమీద పెద్దమనిషి ధీమాగా చెబుతూనే వుంటాడు! కాయగూర మడి మీద ఆ మాట నమ్మి మందు కొడితే తినేది మన పిల్లలే.

కాబట్టి బొమ్మ వున్న పైవైపున, డిస్కులకు అమ్మే మెత్తటి మార్కరుతో, ప్రసారమైన తారీకు, చానలు, పంట, సీజను రాయండి. బాల్‌పెన్నుతో గీకవద్దు. మూడేళ్లు దాటిన డిస్కు ఆడించే ముందు అందులోని మందుల పేర్లు మీ రైతు సేవా కేంద్రంలో అడిగి చూడండి. నిషేధించినది వుంటే డిస్కు పారేయనక్కరలేదు. చెరకు ముచ్చెలు కోసే తీరు, నాటే దూరం వంటివి ఆ డిస్కులోనే వుంటే వాటిని చూడవచ్చు. పైన ‘మందుల భాగం చెల్లదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, మీ తర్వాత చూసేవారికి కూడా కనబడేలా వుంచండి.