వార్తల్లో పదం: థ్రాంబోలిసిస్

మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను ఇంజెక్షన్‌తో కరిగించే చికిత్స ఇది. పక్షవాతం వచ్చాక నాలుగున్నర గంటల్లోపు అందాలి. 1995లో అమెరికా పరిశోధన మూడు గంటల గడువుతో దీని మేలు చూపింది. 2008లో యూరప్ అధ్యయనం ఆ గడువును పెంచింది.

నంద్యాల జిల్లాలోని గోస్పాడు లాంటి పల్లె మండలాలకు కష్టమంతా ఈ గడువుతోనే. లెక్క మొదలయ్యేది ఆస్పత్రికి చేరినప్పుడు కాదు, మనిషి చివరిసారి మామూలుగా కనిపించినప్పుడు. రాత్రి పదింటికి బాగానే పడుకున్న రైతు తెల్లవారుజామున మూతి వంకరపోయి లేస్తే, లెక్క పదింటి నుంచే. అలాంటి కొందరికి ప్రత్యేక స్కానింగ్‌తో ఇంకా దారి ఉంటుంది. మామూలు సీటీ స్కాన్ మాత్రం అందరికీ తప్పనిసరి. ఎందుకంటే నాళం చిట్లి రక్తం కారుతుంటే ఇదే మందు ప్రాణం తీయొచ్చు. గడువు తక్కువ కాబట్టి పసరు వైద్యం కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, నంద్యాలలో గానీ కర్నూలులో గానీ స్కానూ మందూ రెండూ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి.

పక్షవాతం తర్వాతి బతుకు మరో పోరాటం. ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే మేలు జరుగుతుందా అని మన దేశంలో 1,250 మందితో ‘అటెండ్’ అధ్యయనం చూసింది. 2017లో ఫలితం వచ్చింది: ఆరు నెలలకు మరణాల్లో, పరాధీనతలో తేడా లేదు. భారమంతా భార్యాబిడ్డల మీద వదిలేయడం అన్యాయం. ఫిజియోథెరపిస్టు మండల కేంద్రంలోనే దొరకాలి.