ఆవిడ అన్నమాట నేను చెప్పలేదు

సాయంత్రం పాలు పోసేసి, గిన్నెలు కడిగి బోర్లించి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఉయ్యూరు దాటాక కాలవగట్టున ఉన్న చిన్న ఊరది. పాలకేంద్రం ముందు తెల్లదుప్పటి కట్టి, విజయవాడ నుంచి అద్దెకి తెచ్చిన ప్రొజెక్టర్‌ని స్టూలు మీద పెట్టాం.

"ఏం సినిమా అండీ? చిరంజీవిదా?" అని ఓ పెద్దావిడ అడిగితే అందరూ నవ్వారు.

"కాదు పిన్నిగారూ, గేదెల సినిమా" అన్నాను.

"రోజూ వాటి మొహమే చూస్తన్నాంగా, మళ్లీ తెరమీద కూడానా!" అందావిడ. అంటూనే చాప దగ్గరకి లాక్కుని ముందువరసలో కూర్చుంది.

ఆ సినిమా పేరు 'మంథన్'. శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన హిందీ సినిమా. తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, అందులో వాళ్లు మాట్లాడేది ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పడం నా పని. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినదాన్ని, ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా చేసినదాన్ని. ఇదేం పెద్ద పనని మీరు అనుకోవచ్చు. కానీ ఆ రోజు మైకు పట్టుకున్న నా చెయ్యి వణికింది. ఎందుకో చెప్పాలంటే 2005కి వెళ్లాలి.

కొండమెట్ల మీద అతిథులు

ఉపన్యాసాలు వినడం మన బెజవాడ వాళ్లకి కొత్తకాదు. 1989లో పుస్తక మహోత్సవం మొదలయ్యాక ఏటా జనవరి వచ్చిందంటే సాయంత్రాలు సభల్లోనే గడిచేవి. అలా సభలకి తిరిగే అలవాటు వల్లే, ఎవరైనా విదేశీయులు వస్తే "టీచరుగారూ, కాస్త మీరు వచ్చి అనువాదం చేసిపెట్టండి" అని నన్ను పిలిచేవాళ్లు. నేనూ సంబరంగా మంచి చీర కట్టుకుని వెళ్లేదాన్ని.

2005ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సూక్ష్మరుణ సంవత్సరంగా ప్రకటించింది. సూక్ష్మరుణం అంటే మరేం లేదు, తాకట్టు పెట్టడానికి ఏమీలేని పేదవాళ్లకిచ్చే చిన్నచిన్న అప్పులు. బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసరు 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి మొత్తం 27 డాలర్లు తన జేబులోంచి ఇచ్చారు. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. ఆడవాళ్లకిస్తే అప్పు తిరిగొస్తుంది, ఇల్లు నిలబడుతుంది అన్న మాట ప్రపంచమంతా పాకింది. ఎక్కడెక్కడి దాతలో డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు.

ఆ ఏడాదే ఓ సంస్థవాళ్లు విదేశీ అతిథులు ఇద్దర్ని తీసుకొచ్చారు. ముందు హాల్లో ఉపన్యాసం. తర్వాత పావుగంట సినిమా. అందులో ఒకావిడ అప్పు తీసుకుంటుంది, కుట్టుమిషను కొంటుంది, పిల్లలు యూనిఫారాలు వేసుకుని బడికి వెళతారు. చూస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి. సినిమా అయ్యాక "ఇప్పుడు నిజంగా అప్పు తీసుకున్నవాళ్లని చూద్దాం" అంటూ వన్‌టౌన్ కొండమెట్లు ఎక్కించారు. బిందెలతో నీళ్లు మోసుకెళ్లేవాళ్లు మాకు దారిచ్చి పక్కకి ఒత్తిగిల్లారు.

పైన ఓ గదిలో పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. కింద మెట్ల దగ్గర ఇడ్లీలు అమ్ముకునే ఒకావిణ్ణి అతిథి అడిగారు, "ఈ అప్పు వల్ల మీ జీవితంలో ఏం మారింది?" అని.

ఆవిడ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "అప్పు ఇచ్చారు, కాదనను. కానీ వారం తిరిగేసరికి కట్టాలి. నా దగ్గర లేకపోతే గ్రూపులో వాళ్లు కడతారు, కట్టి తిడతారు. ఇది తీర్చడానికి ఇంకోచోట తీసుకున్నా. సోమవారం వస్తందంటే ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టదమ్మా."

నేను ఆగిపోయాను. తీసుకొచ్చినవాళ్లు నావంకే చూస్తున్నారు. అతిథి నవ్వుమొహంతో ఎదురుచూస్తున్నారు. ఇంతదూరం నుంచి వచ్చిన వాళ్లని చిన్నబుచ్చడం దేనికి అనిపించింది. ఇంగ్లీషులో "వ్యాపారం సాగుతోందట, వారం వారం డబ్బు కట్టే క్రమశిక్షణ అలవాటైందట" అని చెప్పా.

అతిథి సంతోషించి ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ తను చెప్పిందంతా రెండు ముక్కల్లో అయిపోయిందని ఆవిడకి తెలిసిపోయింది.

"అంతేనా అమ్మా, నేను చెప్పింది?" అని అడిగింది.

"అంతే" అన్నాను.

మార్చిలో తాళాలు, అక్టోబరులో నోబెల్

మరుసటి ఏడాది, 2006 మార్చిలో, మన కృష్ణా జిల్లా పేరు దేశమంతా వినిపించింది. వడ్డీలు ఎక్కువనీ, వసూళ్ల కోసం ఇళ్లమీదకొచ్చి వేధిస్తున్నారనీ ఫిర్యాదులు రావడంతో సూక్ష్మరుణ సంస్థల శాఖలు దాదాపు 50 జిల్లా అధికారులు మూయించారు. డ్వాక్రా సంఘాలకి బ్యాంకులిచ్చే అప్పు వేరు, ఈ ప్రైవేటు సంస్థల అప్పు వేరు. ఒకే మనిషికి రెండు మూడు చోట్ల అప్పులుండటం, ఒకటి తీర్చడానికి ఇంకోటి తీసుకోవడం, అచ్చం ఆ ఇడ్లీల ఆవిడ చెప్పినట్టే ఉంది పేపర్లో. అదే ఏడాది అక్టోబరులో యూనస్‌కీ, గ్రామీణ బ్యాంకుకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు.

అలాగని యూనస్‌ది తప్పు అనడం లేదు నేను. ఆయన బ్యాంకు వేరు, మన దగ్గర పనిచేసిన సంస్థలు వేరు. చిన్న అప్పుతో నిలదొక్కుకున్న ఆడవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనూ ఉన్నారు. కాకపోతే బాగుపడిన కథే తెరకెక్కింది. నిద్రపట్టని కథ చెప్పడానికి మనిషే దొరకలేదు. దొరికిన చోట నాలాంటిది అడ్డం కూర్చుంది.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు రిజిస్టరు చేయించుకోవాలి, వసూళ్లు నెలకోసారే, అదీ పంచాయతీ ఆఫీసులాంటి నలుగురూ తిరిగే చోటే జరగాలి అంది. ఆ నవంబరులోనే డెన్మార్క్ జర్నలిస్టు టామ్ హైన్‌మన్ తీసిన డాక్యుమెంటరీ నార్వే టీవీలో వచ్చి పెద్ద దుమారం లేచింది. నార్వే ఇచ్చిన సాయం సొమ్ము గ్రామీణ బ్యాంకు నుంచి వేరే సంస్థకి మార్చారని అందులో ప్రశ్నించారు. నార్వే ప్రభుత్వం విచారించి, సొమ్ము దుర్వినియోగం కాలేదని చెప్పింది. ఏమైతేనేం, సాయం గురించి పొగిడే సినిమాలే కాక ప్రశ్నించే సినిమాలు కూడా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

శాఖలు మూతపడ్డాయన్న వార్త చూడగానే నేను మళ్లీ కొండమెట్లు ఎక్కాను. ఆవిడ ఇంటికి తాళం. "హైదరాబాదు వెళ్లిపోయారండీ, ఎక్కడున్నారో తెలీదు" అంది పక్కింటావిడ. ఆ తర్వాత చాలాకాలం ఎవరు పిలిచినా అనువాదానికి వెళ్లలేదు.

పాలపొడి వెనక కథ

మరి ఇన్నాళ్లకి మళ్లీ మైకెందుకు పట్టుకున్నానంటే, 'మంథన్' వల్లే. ఈ సినిమాకి డబ్బు పెట్టింది ఏ నిర్మాతో కాదు. గుజరాత్ పాల సహకార సంఘాల్లోని 5 లక్షలమంది రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే 10 లక్షలయింది. 2024లో దీన్ని బాగుచేసి కాన్ చిత్రోత్సవంలో చూపించారు, జూన్‌లో మన దేశంలో థియేటర్లలోనూ వేశారు. అప్పుడు చదివాను దాని కథంతా.

పాలకీ విదేశీ సాయానికీ సంబంధం ఏమిటంటారా? మన విజయవాడ పాల ఫ్యాక్టరీనే తీసుకోండి. 1969లో అది యునిసెఫ్ సాయంతో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1970లో, 'ఆపరేషన్ ఫ్లడ్' మొదలైంది. అప్పట్లో యూరప్ దేశాల్లో పాలపొడి, వెన్న గుట్టలుగా పేరుకుపోయాయి. 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ మనకి దానంగా ఇస్తామన్నారు.

ఇక్కడే కురియన్ గారి తెలివి చూడండి. ఉచితంగా వచ్చిన పాలపొడిని ఉచితంగా పంచేస్తే మన రైతు పాలు కొనేవాడుండడు. అందుకని ఆ పొడీ నెయ్యీ కలిపి పాలు చేసి పట్నాల్లో డెయిరీల ద్వారా అమ్మించారు. వచ్చిన డబ్బుతో ఊళ్లలో పాల సంఘాలు, చల్లబరిచే కేంద్రాలు, డెయిరీలు కట్టించారు. దానం ఆగిపోయినా బతకగలిగే ఏర్పాటది. 1998కల్లా పాల ఉత్పత్తిలో మనదేశం ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. సంఘాలు పెట్టించడానికి వెళ్లే బృందాలు ఈ సినిమా రీళ్లు కూడా పట్టుకెళ్లి ఊరూరా చూపించేవి.

వేలిముద్ర

ఇక ఆ సాయంత్రం సంగతి. సినిమాలో పాల వ్యాపారి చూపించే మోసం, నీళ్లు కలిపావంటూ ధర తెగ్గొయ్యడం చూసి మావాళ్లు గొల్లున నవ్వారు. "మా నాన్న కాలంలో ఇట్టాగే చేసేవాళ్లు" అందొకావిడ. స్మితా పాటిల్ వేసిన బిందు పాత్ర, ఎవరికీ తలవంచని మనిషి, అందరికీ తెగ నచ్చింది. అలాంటి బిందు చేత, సంఘం పెట్టడానికొచ్చిన డాక్టర్ రావు మీద అత్యాచార ఆరోపణ రాసిన కాయితం మీద, అందులో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేయిస్తారు. అక్కడికొచ్చేసరికి ఒక్కళ్లూ కదల్లేదు.

సినిమా అయ్యాక లైటు వేశాం. ఎవరైనా మాట్లాడండి అన్నాను. ముందువరస పెద్దావిడే లేచింది.

"ఆ పిల్లకి కాయితంలో ఏముందో చదివి చెప్పే దిక్కే లేకపోయిందా? ఊళ్లో అంతమంది ఉన్నారు గదా!"

నాకు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టయింది. ఇక దాచలేకపోయా. కొండమీద జరిగిందంతా వాళ్లకి చెప్పేశా. ఆవిడ అన్నదేమిటో, నేను చెప్పిందేమిటో మాటకి మాట చెప్పా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దావిడే "చదువుకున్నదానివి, నువ్వే అట్టా చేస్తే ఎట్టా అమ్మాయ్?" అంది. తిట్టినట్టు లేదు, అలాగని ఓదార్చినట్టూ లేదు. అడిగింది, అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ పక్కనున్న కోడలు వయసు అమ్మాయి లేచింది. "టీచరుగారూ, సినిమాలో సంగతి సరే. ఇక్కడ గేదె నేను మేపుతా, నేను పిండుతా, నేనే తెచ్చి పోస్తా. పేడ నాది, పాసుపుస్తకం మా ఆయనది. పదిహేను రోజులకి ఎంతొచ్చిందో నాకు తెలీదు." చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది "మా ఇంట్లోనూ అంతే" అన్నారు.

పాలకేంద్రం చూసే అబ్బాయి గోడకి ఆనుకుని వింటున్నాడు. అందరూ తనవంకే చూసేసరికి తల గోక్కుని, "పేరు మార్చుకోవచ్చు పెద్దమ్మా, అప్లికేషనూ, బ్యాంకు పుస్తకం జిరాక్సూ ఇవ్వండి" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరు పేర్లు రాయించుకున్నారు. ఇద్దరే. మిగతావాళ్లు "ఇంట్లో అడిగి చెప్తాం" అన్నారు.

మీ ఊళ్లోనూ...

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు తెరకట్టి సినిమా చూపిస్తారు, ఉపన్యాసం ఇప్పిస్తారు. దాతలొస్తారు, ఫొటోలు తీస్తారు. తప్పకుండా వెళ్లండి. ఉప్మా కాఫీల కోసం వెళ్లినా ఫరవాలేదు. కానీ లైటు వేశాక చప్పట్లు కొట్టి లేచిపోకండి. నాలుగు మాటలు అడగండి. ఈ డబ్బు ఎక్కడిది? సాయమా, అప్పా? అప్పయితే ఏడాదికి మొత్తం ఎంత కడతాం? ఎవరి పేరున, ఎవరి సంతకంతో? వాళ్లు వెళ్లిపోయాక దీన్ని నడిపేదెవరు? చివరగా, ఈ సినిమాలో చెప్పని కథ ఏదైనా ఉందా?

మీకు కాస్త చదువొచ్చి, నాలా మధ్యలో నిలబడి చెప్పే పని పడితే మాత్రం, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని మాట మింగకండి. దూరం నుంచి వచ్చినవాళ్లకి ఆ చేదు మాటే ఎక్కువ పనికొస్తుంది. వాళ్లు వచ్చిందే దానికోసం.

వచ్చే నెల మళ్లీ అదే ఊరు వెళుతున్నాను. ఈసారి సినిమా లేదు. పాసుపుస్తకంలో అంకెలు చదవడం నేర్పమని ఆ పెద్దావిడ కబురు చేసింది. వెన్నశాతం ఎక్కడ రాస్తారో, రేటెక్కడ రాస్తారో నాకూ తెలీదు. ముందు నేను నేర్చుకోవాలి.