వీరునికి ముసుగేల?

2022వ సంవత్సరమున కేంద్ర సాంస్కృతిక శాఖయు, అమర చిత్రకథ సంస్థయు కలసి, స్వాతంత్ర్య సమరమున మరుగునపడిన యిరువదిమంది గిరిజన వీరుల గాథలను బొమ్మల పుస్తకముగా వెలువరించినపుడు, అందు నిర్మల్ ప్రాంతపు రాంజీ గోండునకును స్థానము లభించినది. 1857 నాటి తిరుగుబాటు వేడి చల్లారకమునుపే రోహిల్లాలతో చేయి కలిపి, ఆంగ్లేయ, నిజాము బలములకు ఎదురు నిలిచి, 1860లో పట్టుబడి, వేయిమంది యనుచరులతో ఒక మర్రిచెట్టున ఉరిదీయబడెనని ప్రసిద్ధి గాంచిన వీరుడాతడు. ఆ చెట్టును జనులు నేటికిని వెయ్యి ఉరుల మర్రి యనియే చెప్పుకొందురు.

తెలుగు బాలురకు బొమ్మలతో కథ చెప్పుట నిన్న మొన్నటి వేడుక కాదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణులు నెలకొల్పిన చందమామ తరతరముల పిల్లలకు రాజకుమారులను, మాంత్రికులను, బేతాళుని చూపినది. 1967లో అనంత పాయి ఆరంభించిన అమర చిత్రకథ పురాణపురుషులకును, చక్రవర్తులకును పెద్దపీట వేసినది. ఇట్టి కథలు చదువుచు పెరిగిన ఉట్నూరు, కెరమెరి ప్రాంతముల గోండు బాలునికి అడవి రాక్షసుడు వసించు చోటుగానో, ఋషి తపస్సు చేయు చోటుగానో కనబడెనే గాని, తన తాతలు పోడు కొట్టుకొని బ్రదికిన నేలగా కనబడలేదు.

ఇట్టి కొరతయే సముద్రముల కావల మరియొక జనమునకును కలిగినది. అమెరికాలో మెక్సికో సంతతివారు, 1960 దశకమున తమ హక్కులకై ఉద్యమించుచు, చికానోలమని సగర్వముగా చెప్పుకొనిరి. అచటి బొమ్మల పుస్తకములలో లోకమును రక్షించు మహావీరులు సాధారణముగా తెల్లవారే. తమవంటివాడు అరుదుగా కనబడినను బందిపోటుగానో, నవ్వు పుట్టించు బంటుగానో కనబడుచుండెను. దీనిని మార్చదలచి టెక్సాసు న్యాయమూర్తి మార్గరిటో గార్జా 1977లో 'రెలాంపాగో' అను మెరుపు వీరుని సృజించెను. 1993లో రిచర్డ్ డొమింగెజ్ వెలువరించిన 'ఎల్ గాటో నీగ్రో' కథానాయకుడు ముసుగు తీసినచో సంఘసేవకుడు. 1996లో లారా మొలీనా కల్పించిన 'జాగ్వార్' న్యాయశాస్త్ర విద్యార్థిని. శక్తులు కల్పితములైనను, ఆ వీరుల ముఖమును, వీధియు, ఇంటి భాషయు పాఠకునివే.

మన గోండు వీరుడు కొమురం భీమునకు అట్టి కల్పనయు నక్కరలేదు. ఆసిఫాబాదు అడవులలో పుట్టి, చేతికి వచ్చిన పంటను అన్యులు కాజేయుట సహింపక తిరుగబడి, పరారియై, చాందాలో ఒక ముద్రణాలయమున చదువను వ్రాయను నేర్చుకొని, అస్సాము తేయాకు తోటలలో కూలిచేసి, తిరిగివచ్చి, జోడేఘాట్ కేంద్రముగా పండ్రెండు గూడెములవారిని ఒక్కమాటపై నిలిపి, నీరు, అడవి, భూమి తమవేయని నిజాము ప్రభుత్వముతో పోరి, 1940లో తుపాకిగుండ్లకు బలియైనాడని అతని చరిత్ర చెప్పుదురు. ఆ పోరాటము చల్లారిన పిదపనే నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునిచే గోండుల కష్టములను విచారింపజేసినది. మార్లవాయిలో గోండుల కొరకు బడి వెలసినదియు ఆ తరువాతనే.

2022లో రాజమౌళి దర్శకత్వము వహించిన ఆర్.ఆర్.ఆర్. చలనచిత్రమున భీము పులితో పెనగులాడెను. 1924లోనే అమరుడైన అల్లూరి సీతారామరాజుతో కలసి నర్తించెను. కల్పనయని చెప్పియే తీసిన చిత్రమును తప్పుపట్టబనిలేదు. అయినను, పులిని లొంగదీసినవానిని చూచి చప్పట్లు కొట్టుట తప్ప యువకుడు చేయగలిగినదేమి? పరారియై తిరుగుచును అక్షరములు దిద్దుకొన్నవానిని, గూడెము గూడెమునకు నడచి నలుగురిని కూడగట్టినవానిని చూచినచో, ఆ పని తానును చేయవచ్చునని అతనికి తోచును. ఆదర్శమనదగినది ఇదియే.

అట్టి వీరుని ఎట్లు చిత్రింపవలెననుటకు గోండుల బంధువర్గముననే ఒక మేలైన నిదర్శనము గలదు. ఆదిలాబాదునందలి ప్రధానులను తెగవారు కిక్రీ యను వాద్యమును వాయించుచు గోండు వంశగాథలను గానము చేయు వారు. మధ్యప్రదేశమునందలి ప్రధానులలో కొందరు ఆ గాథలనే కుంచెతో చెప్ప నేర్చిరి. వారిలో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు 2011లో వెలువడిన 'భీమాయన' మను అంబేడ్కరు చిత్రకథకు బొమ్మలు వేసిరి. అందు పుటను చతురస్రపు గడులుగా కోయక, గోడలపై వేయు దిగ్నా ముగ్గుల వంపులతోనే విభజించిరి. సౌమ్యుని మాట పక్షి యాకారమున వెలువడును. తాకరాదని కసరువాని మాటకు తేలు కొండి మొలచును. అక్షరము రాని బాలుడు సైతము ఏ మాట గుచ్చునో ఇట్టే కనిపెట్టగలడు.

నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామమున గోండీ లిపిలోని ప్రాచీన వ్రాతప్రతులు వెలుగుచూచినవి; 2018 నుండి ఆ లిపికి కంప్యూటరు అక్షరమాలలోను స్థానమున్నది. గాథ యున్నది, కుంచె యున్నది, లిపియు నున్నది. ఈ మూటిని కలిపి, భీముని కథను గోండీలోను, తెలుగులోను పక్కపక్కన అచ్చువేసి ఆశ్రమ పాఠశాలలకు పంపువారు ముందునకు రావలెను. ఆ పుస్తకమునకు ప్రథమ విమర్శకులు ఆ బడుల పిల్లలే కావలెను.