బోరా బోరా నీళ్లు ఎందుకంత నీలం? కుంగిపోతున్న అగ్నిపర్వతమే కారణం!

నీళ్ల మీద కాటేజీలు.. కింద అద్దంలాంటి నీలి సముద్రం. ఫోన్‌లో ఇలాంటి ట్రావెల్ వీడియో కనిపిస్తే అది బోరా బోరా అయ్యుండే ఛాన్స్ ఎక్కువ. పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియాలో ఉందీ దీవి.

అసలు పాలినేషియా ఎక్కడుంది?
మ్యాప్‌లో హవాయి, న్యూజిలాండ్, ఈస్టర్ ఐలాండ్‌లను గీతలతో కలపండి. వచ్చే పెద్ద త్రికోణమే పాలినేషియా. అందులో వెయ్యికి పైగా దీవులున్నాయి. కానీ నేల కొంచెమే, మిగతాదంతా నీరే.

ఆ అందం ఎలా పుట్టింది?
సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతం పైకి లేస్తే దీవి అవుతుంది. తాహితి అలాంటిదే. అక్కడి ఒరొహెనా శిఖరం ఎత్తు 2,241 మీటర్లు. లక్షల ఏళ్లు గడిచేకొద్దీ దీవి మెల్లగా కుంగుతుంది. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మాత్రం ఎండ కోసం పైకి పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండింటి మధ్య నిలిచే నీటినే లగూన్ అంటారు. పెద్ద అలల్ని దిబ్బ ఆపేస్తుంది. లోతు తక్కువ, అడుగున తెల్లని ఇసుక.. అందుకే ఆ లేత నీలం రంగు. బోరా బోరా ఇప్పుడు ఈ దశలోనే ఉంది. కొండ పూర్తిగా మునిగిపోతే ఉంగరంలా పగడపు దీవి ఒక్కటే మిగులుతుంది. అదే అటోల్. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1842లోనే వివరించారు.

వెళ్లాలంటే?
మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. ముందు తాహితిలోని పాపేటె చేరుకోవాలి. అక్కడి నుంచి చిన్న విమానంలో బోరా బోరా వెళ్లాలి. ఎయిర్‌పోర్ట్ కూడా దిబ్బ మీది చిన్న దీవిలోనే ఉంది. దిగాక హోటల్‌కి పడవలోనే ప్రయాణం! మే నుంచి అక్టోబర్ వరకు వానలు తక్కువ.

అసలు ముప్పు ఇదీ..
అటోల్స్‌లో ఎక్కడానికి కొండ ఉండదు. ఇదే త్రికోణం పశ్చిమ అంచున ఉన్న తువాలు దేశం మొత్తం 26 చదరపు కిలోమీటర్లే. చాలాచోట్ల నేల సముద్రానికి రెండు, మూడు మీటర్ల ఎత్తులోనే ఉంది. సముద్ర మట్టం పెరుగుతుండటంతో ఏటా 280 మంది తువాలు పౌరులు తమ దేశంలో స్థిరపడేలా 2023లో ఆస్ట్రేలియా ఒప్పందం చేసుకుంది. అగ్నిపర్వతం కుంగినంత నెమ్మదిగా అయితే పగడం ఎదిగి తట్టుకోగలదు. ఇప్పుడు సముద్రం పెరిగే వేగం ఎక్కువ. పైగా నీరు వేడెక్కితే పగడం తెల్లబడి చచ్చిపోతుంది. అదే జరిగితే అలల్ని ఆపే గోడ కూడా ఉండదు.