వీరులను తూచు త్రాసు

విశాఖ పూర్ణామార్కెట్టున కూరగాయలు తూచుటకు త్రాసులు కలవు. కథావీరుల బలము తూచుటకు త్రాసు ఎక్కడ దొరుకును?

1938లో అమెరికా బొమ్మలకథలలో పుట్టిన సూపర్‌మాన్ గగనచారి, మహాబలుడు. 1962లో పుట్టిన స్పైడర్‌మాన్, ఇంటిఖర్చులకై పత్రికకు ఫోటోలు అమ్ముకొను విద్యార్థి. వీరి పోరును 1976లో ప్రత్యర్థి సంస్థలు రెండును కలిసి ప్రచురించినవి, ఎవరినీ ఓడింపలేదు.

మనకీ చిక్కు క్రొత్తది కాదు. చిలకమర్తివారి ‘గయోపాఖ్యానము’లో గయుని చంపుదునని శ్రీకృష్ణుడు, కాతునని అర్జునుడు ప్రతినబూనిరి. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ చిత్రమున ఆ పాత్రలను రామారావు, నాగేశ్వరరావులు ధరించిరి. ఇరువురి అభిమానులలో ఎవరిని నొప్పింపగలరు?

అచట తూగినది భుజబలము కాదు, ఇచ్చిన మాట. శరణన్నవానికై ప్రాణసఖునే ఎదిరించిన అర్జునుడు గెలువకున్నను పెద్దవాడే. వీరులకు తూకపురాయి అదియే.