తొంబదియేండ్ల జీవితము, ఎనిమిది పుస్తకములు

1957వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున, మాన్స్‌ఫీల్డ్ అను చిన్న పట్టణము చెంత, రాకీ రిడ్జ్ అని పిలువబడు తన పొలములోని యింట పిల్లల కథల రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ కన్నుమూసెను. ఆమెకు తొంబదియేండ్లు నిండి అప్పటికి మూడు దినములు. ఆమె పుట్టునాటికి ఆ దేశపు తూర్పు పడమరలను కలుపు రైలుమార్గమింకను పూర్తి కాలేదు. కన్నుమూయునాటికి విమానములు ఆ దూరమును ఒక్క పూటలో దాటుచుండెను. ఇన్ని మార్పుల నడుమ తాను చూచినదానిని చూచినట్లు చెప్పగల శక్తి ఆమెకెట్లబ్బినదో తెలిసికొన్నగాని ఆ దీర్ఘజీవితపు విలువ మనకు బోధపడదు.

1867లో విస్కాన్సిన్ అడవులలో, పెపిన్ సమీపమున, దుంగలతో కట్టిన యింట ఆమె జన్మించెను. తనదనదగిన నేలకై తండ్రి చార్లెస్ ఇంగల్స్ సంసారమును బండి కెక్కించుకొని కాన్సస్, మిన్నెసోటా, అయోవా, డకోటా ప్రాంతములు తిరిగెను. మిన్నెసోటాలో చేతికి రానున్న గోధుమపైరును మిడతల దండు తుడిచిపెట్టెను. 1879లో అక్క మేరీ జబ్బుపడి చూపు కోల్పోయెను. పండ్రెండేండ్ల లారా నాటినుండి అక్కకు కన్నులై, గడ్డి రంగును, ఆకాశపు తీరును, దారిని పోవువారి వాలకమును ఎప్పటికప్పుడు మాటలలో పెట్టి వినిపించుచుండెను. చూడలేనివారికి చూపించుటయే ఆమెకు దొరికిన సాహిత్యశిక్షణ.

డకోటాలోని డిస్మెట్ పట్టణమున 1880-81 నాటి శీతకాలము మంచు తుపానులతో నెలల తరబడి సాగి, రైళ్లు నిలిచిపోయి, బొగ్గును పిండియు నిండుకొన్నప్పుడు, ఇంగల్స్ కుటుంబము ఎండుగడ్డిని పురిపెట్టి పొయ్యిలో కాల్చుచు, కాఫీగింజలు విసరు చేతిమరలో విత్తనపు గోధుమలు విసరి రొట్టె కాల్చుకొని ప్రాణములు నిలుపుకొనెను. పదునైదవ యేట పంతులమ్మయై, 1885లో అల్మాంజో వైల్డరును పెండ్లాడిన లారాకు తొలి సంసారమున మిగిలినవి కష్టములే: అనావృష్టి, డిఫ్తీరియా వలన భర్త కాళ్ల బలము తగ్గుట, పసికందు మరణము, ఇల్లు కాలిపోవుట. 1894లో వారు మిస్సోరికి తరలి, రాళ్లనేలను క్రమక్రమముగా తోటగా, పొలముగా మార్చుకొనిరి.

కోళ్లు పెంచుచు, 1911 మొదలు ఒక వ్యవసాయపత్రికకు వ్యాసములు వ్రాయుచుండిన ఆమె, ఆర్థికమాంద్యపు దినములలో పెన్సిలుతో తన జీవితకథను వ్రాసికొనెను. ప్రకాశకులు దానిని త్రిప్పిపంపిరి. అప్పటికే రచయిత్రిగా పేరుగాంచిన కుమార్తె రోజ్ ప్రోత్సాహముతోను, సవరణలతోను దానినే పిల్లల కథలుగా మలచి, 1932లో, తన అరువదియైదవ యేట, తొలి పుస్తకము వెలువరించెను. 1943 నాటికి అవి యెనిమిదయ్యెను.

అయితే కాన్సస్‌లో ఆ కుటుంబము గుడిసె వేసికొన్న నేల ఓసేజ్ అను అమెరికా ఆదివాసి జాతివారిది. ఆ జనులను గూర్చి యా కథలలో బాధించు మాటలు కలవు. అచట మనుష్యులు లేరు, ఇండియనులు (ఆదివాసులు) మాత్రమే కలరను అర్థమిచ్చు వాక్యమును ఒక పాఠకురాలు 1952లో ఎత్తిచూపగా, ఎనుబదియైదేండ్ల లారా తప్పు తనదేనని యొప్పుకొని దిద్దుట కంగీకరించెను. అంతమాత్రమున లోపమంతయు తీరలేదు. 1954లో ఆమె పేరిట నెలకొల్పి, తొలుత ఆమెకే యిచ్చిన బాలసాహిత్య పురస్కారమునుండి 2018లో ఆ పేరు తొలగింపబడెను. ఈ కారణమున ఆ పుస్తకములను దాచిపెట్టుట గాని, ఈ సంగతిని దాచి వానిని చదివించుట గాని నాకు సమ్మతము కాదు. ఆ తల్లి చూచినదానిని ఆమె పుస్తకములు చెప్పగలవు. ఆమె చూడలేకపోయినదానిని పిల్లలకు చెప్పుట చదివించు పెద్దల విధి.